ఐవీఎఫ్ ల్యాబ్‌లోకి ఏఐ వచ్చాక: ఒక సైకిల్ లోపలి నుంచి

ఐవీఎఫ్ కోసం వచ్చే దంపతులు ఇదివరకు "సక్సెస్ రేటు ఎంత?" అని అడిగేవారు. ఇప్పుడు దాంతోపాటు "మీ దగ్గర ఏఐ ఉందా?" అని కూడా అడుగుతున్నారు. ప్రకటనలు చూసి పుట్టిన ప్రశ్న ఇది. దీనికి జవాబు ల్యాబ్ లోపల పనిచేసేవాళ్లు చెబితేనే బాగుంటుంది. ఎంబ్రియాలజిస్టులం, అంటే ల్యాబ్‌లో అండాలు, పిండాలు చూసుకునేవాళ్లం, రోజూ ఈ యంత్రాల మధ్యే ఉంటాం కాబట్టి అవి ఎక్కడ అక్కరకొస్తాయో, ఎక్కడ చేతులెత్తేస్తాయో మా కళ్లముందే తెలిసిపోతుంది. ఇంజెక్షన్లు మొదలైన రోజు నుంచి పిండాన్ని ఫ్రీజ్ చేసేదాకా ఒక సైకిల్, అంటే ఒక విడత చికిత్స, ఎలా నడుస్తుందో, ఏ మెట్టులో యంత్రం పాత్ర ఎంతో వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇవాళ క్లినిక్‌లలో ఏఐ పేరుతో అమ్ముడవుతున్నవాటిలో ఎక్కువ భాగం ఉన్న పిండాల్లోంచి ఎంచిపెట్టే సాఫ్ట్‌వేర్లే. పిండంలో లేని సత్తువను అవి పుట్టించలేవు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే దేనికి డబ్బు కట్టాలో, దేనికి అక్కర్లేదో మీరే తేల్చుకోగలుగుతారు.

ఇంజెక్షన్లు, స్కాన్లు, ట్రిగ్గర్

నెలసరి రెండో రోజో మూడో రోజో స్కాన్ చేసి, రెండు అండాశయాల్లోనూ 2 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య ఉన్న చిన్న ఫాలికల్స్‌ను, అంటే అండాలు పెరిగే ద్రవపు సంచులను, లెక్కపెడతారు. ఆ లెక్క, అండాల నిల్వ ఎంతో చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్ష రిపోర్టు, వయసు, బరువు చూసి ఫాలికల్స్‌ను పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ ఇంజెక్షన్ మోతాదు నిర్ణయిస్తారు. చాలామందికి ఇది రోజుకు 150 నుంచి 300 యూనిట్ల మధ్య ఉంటుంది. మోతాదు తగ్గితే అండాలు తక్కువ వస్తాయి. పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న ఫాలికల్స్ చాలా ఎక్కువగా ఉండే హార్మోన్ సమస్య) ఉన్నవాళ్లకు ఎక్కువైతే అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరే ప్రమాదం ఉంది. మోతాదు సూచించే సాఫ్ట్‌వేర్లు పాత రికార్డులు తిరగేసి, ఇలాంటి ఏఎంహెచ్, ఇలాంటి బరువు ఉన్నవాళ్లకు ఎంత మోతాదుకు ఎన్ని అండాలు వచ్చాయో చూసి ఒక అంకె చెబుతాయి. అనుభవం ఉన్న డాక్టర్ మనసులో వేసుకునే లెక్కా ఇదే. మామూలు కేసుల్లో రెండూ దగ్గరగానే ఉంటాయి. అండాశయానికి ఇదివరకే ఆపరేషన్ జరిగినవాళ్ల విషయంలో, పాత సైకిల్‌లో మందుకు సరిగా స్పందించనివాళ్ల విషయంలో మాత్రం సాఫ్ట్‌వేర్ చెప్పిన అంకె మీద నేను ఆధారపడను. అలాంటివాళ్ల రికార్డులు దాని దగ్గర తక్కువ.

ఫాలికల్ కొలవడంలో ఆటోమేషన్ నిజంగా పనికొస్తోంది. మామూలు స్కాన్‌లో ఫాలికల్‌ను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచి సగటు తీస్తారు. పది పన్నెండు ఫాలికల్స్ ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ పెరిగినప్పుడు అవి గుండ్రంగా ఉండవు. ఒకే ఫాలికల్‌ను ఇద్దరు కొలిస్తే 2 మిల్లీమీటర్ల తేడా రావడం మామూలే. త్రీడీ స్కాన్‌లో సోనోఏవీసీ లాంటి సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫాలికల్‌కు ఒక్కో రంగు వేసి, ఘనపరిమాణాన్ని లెక్కగట్టి, దాన్నుంచి వ్యాసం చెబుతుంది. 18 మిల్లీమీటర్ల గుండ్రటి ఫాలికల్‌లో సుమారు 3 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. బొమ్మ మసకగా ఉంటే ఈ సాఫ్ట్‌వేర్ పక్కపక్కనున్న రెండు ఫాలికల్స్‌ను ఒకటిగా కలిపేస్తుంది. ఒక్కోసారి రక్తనాళాన్నో, చాక్లెట్ సిస్ట్‌నో (పాత రక్తం నిండిన సంచి) ఫాలికల్ కింద లెక్కేస్తుంది. అందుకే యంత్రం రంగులు వేశాక స్కాన్ చేసేవాళ్లు ఒక్కోటీ చూసి సరిదిద్దాలి.

అండాలను చివరి పక్వానికి తెచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఎప్పుడు ఇవ్వాలన్నది సైకిల్‌లో అన్నిటికన్నా బరువైన నిర్ణయం. రెండు మూడు ఫాలికల్స్ 17, 18 మిల్లీమీటర్లకు చేరగానే ఇవ్వడం ఏళ్లుగా ఉన్న పద్ధతి. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 11 యూరప్ కేంద్రాలకు చెందిన 19 వేల మందికి పైగా రోగుల వివరాలను మెషీన్ లెర్నింగ్‌తో విశ్లేషించి 2025లో ప్రచురించారు. ట్రిగ్గర్ రోజున 13 నుంచి 18 మిల్లీమీటర్ల మధ్య ఉన్న ఫాలికల్స్ నుంచే పక్వమైన అండాలు ఎక్కువగా వస్తున్నాయని అందులో తేలింది. పెద్దవి ఇంకా పెరగాలని ఎదురుచూస్తే ప్రొజెస్టిరాన్ హార్మోన్ ముందే పెరిగిపోయి, అదే సైకిల్‌లో ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భాశయంలో పెట్టడం) చేయించుకునేవాళ్లకు నష్టం కలుగుతోందని కూడా తేలింది. అంటే ముందు నడుస్తున్న రెండు ఫాలికల్స్ మీదే చూపు పెట్టకుండా, మధ్య సైజు గుంపు ఎంత ఉందో చూసుకోవాలి. పాత అలవాటును అంకెలతో ప్రశ్నించి, డాక్టర్ చేతిలో నిర్ణయానికి పనికొచ్చే సమాచారం పెట్టింది కాబట్టి ఏఐ చేసిన మంచి పనుల్లో దీన్ని ముందు వరసలో పెడతాను.

వీర్యం: లెక్కపెట్టడం, వెతకడం

శాంపిల్ ఇచ్చాక ద్రవంగా మారడానికి అరగంట వరకు పడుతుంది. ఆ తర్వాత సంఖ్య, కదలిక, ఆకారం చూస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్ ప్రకారం కింది హద్దులు ఇవి: మిల్లీలీటరుకు 1.6 కోట్లు, ముందుకు కదిలేవి 30 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం. కంప్యూటర్‌తో లెక్కగట్టే కాసా యంత్రాలు చాలా ల్యాబ్‌లలో ఉన్నాయి. కదలిక వేగం కొలవడంలో అవి మనిషి కంటికన్నా మెరుగు. సంఖ్య బాగా తక్కువగా ఉన్న శాంపిల్‌లో మాత్రం చెత్తకణాలను కూడా వీర్యకణాలుగా లెక్కేస్తాయి. చిక్కటి శాంపిల్‌లో ఒకదానికొకటి అడ్డం వస్తే రెండు దారులను కలిపి ఒకటిగా రాస్తాయి. రిపోర్టులో సంఖ్య హద్దుకు దగ్గరగా ఉంటే, మనిషి గళ్లున్న గాజు ఛాంబర్‌లో లెక్కపెట్టి సరిచూశారా అని అడగండి.

అసలైన మేలు వీర్యకణాలు బొత్తిగా కనబడనివాళ్లకు కలగబోతోంది. ఎజూస్పెర్మియా అని రిపోర్టు వచ్చిన మగవారి శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున మిగిలినదాన్ని చిన్న చిన్న చుక్కలు చేసి, మైక్రోస్కోప్ కింద గంటల తరబడి వెతుకుతాం. మూడో గంటకల్లా కళ్లు లాగేస్తాయి. చెత్తకణాల మధ్య తోక కదలని ఒక్క కణం ఉంటే దాన్ని దాటిపోయే అవకాశం ఎక్కువ. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ బృందం స్టార్ అనే పద్ధతిలో ఈ వెతుకులాటను యంత్రానికి అప్పగించింది. శాంపిల్ సన్నటి కాలువలున్న చిప్‌లోంచి పారుతుంటే కెమెరా ఆగకుండా ఫొటోలు తీస్తుంది, ఏఐ వీర్యకణాన్ని గుర్తించగానే అది ఉన్న ద్రవపు బొట్టును పక్కకు తీస్తుంది. 2025లో వాళ్లు ప్రచురించిన కేసులో 3.5 మిల్లీలీటర్ల శాంపిల్‌ను సుమారు రెండు గంటల్లో 25 లక్షల ఫొటోలు తీసి జల్లెడపడితే రెండు వీర్యకణాలు దొరికాయి. రెండింటినీ అండాల్లోకి ఎక్కించారు, రెండూ పిండాలయ్యాయి, ఆమె గర్భం దాల్చింది. దాదాపు ఇరవై ఏళ్లుగా ప్రయత్నిస్తున్న జంట అది. ఒక్క కేసుతో ఏ పద్ధతినీ తేల్చలేం. అయినా ఇక్కడ యంత్రం చేస్తున్న పని స్పష్టంగా ఉంది: అలసట లేకుండా వెతకడం. దాత వీర్యం తప్ప దారి లేదని చెప్పించుకున్న మగవాడికి రెండు కణాలు దొరకడమంటే ఎంతటి సంగతో వేరే చెప్పక్కర్లేదు.

పికప్ రోజు: ఎవరివి ఎవరివో

ట్రిగ్గర్ ఇచ్చిన 34 నుంచి 36 గంటలకు అండాలు తీస్తారు. ఫాలికల్ ద్రవం ట్యూబుల్లో ల్యాబ్‌లోకి వస్తుంది. మేం దాన్ని వెచ్చటి స్టేజ్ మీద డిష్‌లో పోసి అండాలను ఏరతాం. ఉష్ణోగ్రత 37 డిగ్రీల నుంచి జారితే అండంలో క్రోమోజోములను పట్టి ఉంచే స్పిండిల్ దెబ్బతింటుంది కాబట్టి చకచకా చేయాల్సిన పని.

ఈ దశలో ఏఐ కన్నా సాదా ఆటోమేషనే పెద్ద రక్షణ. ప్రతి డిష్‌కీ ట్యూబుకీ రేడియో తరంగాలతో యంత్రం గుర్తుపట్టే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ అంటిస్తాం. ఒకే టేబుల్ మీదకు రెండు వేరువేరు జంటల డిష్‌లు వస్తే స్క్రీన్ ఎర్రబడి అలారం మోగుతుంది, అది సరిచేసేదాకా పని ముందుకు సాగదు. ఒకే రోజు లిస్టులో ఇద్దరు లక్ష్ములు, ముగ్గురు శ్రీనివాసులు ఉండటం మన దగ్గర వింతేమీ కాదు. పేరు చదివి సరిచూసుకునే పద్ధతికి ఇదొక గట్టి తోడు. అయితే యంత్రానికి తెలిసేది ట్యాగే, డిష్‌లో ఉన్నది ఎవరిదో దానికి తెలియదు. మొదట ట్యాగ్ కేటాయించేటప్పుడే తప్పు జరిగితే చివరిదాకా అంతా సరిగ్గానే ఉందని పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది. అందుకే కేటాయించే ఆ ఒక్క క్షణంలో ఇద్దరు మనుషులు ఉండాలి. రోగిని "మీరు లక్ష్మిగారేనా?" అని అడక్కూడదు. "మీ పేరు, మీవారి పేరు, పుట్టిన తేదీ చెప్పండి" అని ఆమె చేతే చెప్పించాలి. మత్తు ఇవ్వకముందే ఇది జరగాలి. మిమ్మల్ని ఇలా అడగకపోతే మీరే ఆపి అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక్సీ: సూదిమొన దగ్గర

ఇక్సీ అంటే ఒక్క వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించడం. ముందు, తీసిన అండాల చుట్టూ ఉన్న కణాలను హయాలురోనిడేజ్ అనే ఎంజైమ్‌లో అర నిమిషం ఉంచి తొలగిస్తాం. అప్పుడే ఎన్ని పక్వమైనవో, అంటే ఎం2 దశలో ఉన్నవో తెలుస్తుంది. పది తీస్తే ఏడెనిమిది పక్వంగా ఉండటం మామూలు.

1992లో బ్రస్సెల్స్ బృందం ఇక్సీతో తొలి గర్భాలను ప్రకటించిన దగ్గర్నుంచీ చేతిపని పెద్దగా మారలేదు. అండం వ్యాసం సుమారు 120 మైక్రాన్లు. వీర్యకణం తల 5 మైక్రాన్ల పొడవుంటుంది. పీవీపీ అనే చిక్కటి ద్రవపు చుక్కలో వీర్యకణం నెమ్మదిస్తుంది, అప్పుడు సూదిమొనతో తోకను నొక్కి కదలకుండా చేస్తాం. ఆ తొక్కిడి సరిగ్గా పడాలి. తోక పొర చిట్లితేనే అండాన్ని మేల్కొలిపే పదార్థం బయటికి వస్తుంది. తర్వాత అండం అంచున ఉండే పోలార్ బాడీ అనే చిన్న కణం గడియారంలో 12 దగ్గరో 6 దగ్గరో ఉండేలా అండాన్ని పట్టుకుని, 3 దగ్గర నుంచి సూది పోనిస్తాం. లోపలి పొర సూదితోపాటే రబ్బరులా లోపలికి సాగుతుంది తప్ప వెంటనే తెగదు. అప్పుడు కాస్త వెనక్కి పీలిస్తే అండంలోని పదార్థం సూదిలోకి వస్తుంది. అది ఉన్నట్టుండి వేగం పుంజుకున్న క్షణమే పొర తెగిన క్షణం. వెంటనే పీల్చడం ఆపి వీర్యకణాన్ని వదిలి సూది తీసేయాలి. అర క్షణం ఆలస్యమైతే అండం చచ్చిపోవచ్చు. పొర తెగిందనుకుని తెగకుండానే వదిలితే వీర్యకణం బయటే ఉండిపోయి ఫలదీకరణ జరగదు. ఐవీఎఫ్ ల్యాబ్‌ల పనితీరుకు నిపుణులు పెట్టిన కొలమానం, 2017 వియన్నా ఏకాభిప్రాయం ప్రకారం ఇక్సీలో పాడయ్యే అండాలు 10 శాతం దాటకూడదు, మామూలుగా ఫలదీకరణ చెందేవి 65 శాతానికి తగ్గకూడదు. మంచి ల్యాబ్ 5, 80 శాతాలను అందుకోవాలి.

ఈ పనిని రోబోకు నేర్పే ప్రయత్నాలు గట్టిగానే సాగుతున్నాయి. స్పెయిన్‌కు చెందిన ఓవర్చర్ లైఫ్ పరికరంతో న్యూయార్క్‌లో వీర్యకణాలు ఎక్కించగా ఇద్దరు ఆడపిల్లలు పుట్టారని 2023లో వార్త వచ్చింది. సూదిని నడిపిన ఇంజినీరు చేతిలో ఉన్నది వీడియోగేమ్ కంట్రోలర్. 2025లో కన్సీవబుల్ లైఫ్ సైన్సెస్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. యంత్రం మెక్సికోలోని గ్వాదలహారాలో ఉంది. దాన్ని అక్కడి నుంచీ, సుమారు 3,700 కిలోమీటర్ల దూరంలోని న్యూయార్క్ నుంచీ నడిపారు. వీర్యకణాన్ని ఏఐ ఎంచింది, తోకను లేజర్‌తో ఆపారు. ఇక్సీలోని 23 మెట్లూ యంత్రం మీదే జరిగాయి. ఐదు అండాల్లో నాలుగు ఫలదీకరణ చెందాయి, మగబిడ్డ పుట్టాడు. ఒక్కో అండానికి దాదాపు పది నిమిషాలు పట్టింది. చేయి తిరిగిన ఎంబ్రియాలజిస్టు ఇంతకన్నా చాలా తొందరగా ముగిస్తారు. వేగం యంత్రానికి రేపు వస్తుంది. ఇక్కడ విలువైనది సమానత్వం: ఉదయం మొదటి అండానికి, సాయంత్రం ఇరవయ్యో అండానికి ఒకే ఒత్తిడి, ఒకే లోతు. చిన్న ఊళ్లలో క్లినిక్‌లు తెరుస్తున్నారు, అనుభవమున్న ఎంబ్రియాలజిస్టులు దొరకడంలేదు. విజయవాడకో కరీంనగర్‌కో నెలలో కొన్ని రోజులు మాత్రమే ఎంబ్రియాలజిస్టు వచ్చి కేసులన్నీ గుంపుగా చేసి వెళ్లే పద్ధతి మారాలంటే ఇలాంటిదే ఏదో రావాలి. ప్రస్తుతానికి మన ల్యాబ్‌లలో ఇక్సీ మనిషి చేతిపనే. "ఏఐ ఇక్సీ" అని ఎవరైనా అంటే, వీర్యకణాన్ని ఎంచడంలో సాయం చేసే సాఫ్ట్‌వేరా, సూది నడిపే యంత్రమా అని విడిగా అడగండి.

టైమ్‌ల్యాప్స్ ఇంక్యుబేటర్

మామూలు ఇంక్యుబేటర్‌లో పిండాలను చూడాలంటే డిష్‌ను బయటికి తీయాలి. ఇక్సీ అయిన 16 నుంచి 18 గంటల మధ్య రెండు ప్రోన్యూక్లియస్‌లు, అంటే అండం నుంచి ఒకటి, వీర్యకణం నుంచి ఒకటి వచ్చిన కేంద్రకాలు, కనబడుతున్నాయా అని చూస్తాం. మూడో రోజు, అంటే 68 గంటలకు, ఎనిమిది కణాలు, 116 గంటలకు బ్లాస్టోసిస్ట్ (మధ్యలో ద్రవం చేరిన ఐదో రోజు పిండం) ఉండాలి. ఈ మధ్యలో ఏం జరిగిందో తెలియదు. టైమ్‌ల్యాప్స్ ఇంక్యుబేటర్‌లో లోపలే కెమెరా ఉంటుంది. ఎంబ్రియోస్కోప్ లాంటి యంత్రం దాదాపు పది నిమిషాలకోసారి, ఒక్కో పిండానికి వేరువేరు లోతుల్లో ఫొటోలు తీస్తుంది. తలుపు తెరవక్కర్లేదు.

ఇందులో కనబడేవి కంటితో ఎప్పటికీ పట్టలేం. ఒక కణం రెండుగా చీలాలి. కొన్ని పిండాల్లో అది ఒకేసారి మూడుగా చీలుతుంది, లేదా రెండైన ఐదు గంటల లోపే మూడవుతుంది. క్రోమోజోములను రెట్టింపు చేసుకోవడానికి అంత తక్కువ సమయం చాలదు. ఇలాంటి పిండం మూడో రోజు పొద్దున చూస్తే ఎనిమిది కణాలతో చక్కగానే ఉండొచ్చు, కానీ గర్భంగా నిలిచే అవకాశం బాగా తక్కువ. చీలిన రెండు కణాలు మళ్లీ కలిసిపోవడం కూడా వీడియోలోనే తెలుస్తుంది. ప్రోన్యూక్లియస్‌లు మనం చూసే సమయానికి మాయమైపోయిన పిండాన్ని పాత పద్ధతిలో ఫలదీకరణ కాలేదని రాసేస్తాం. వీడియోలో వెనక్కి తిప్పి చూస్తే అవి కనబడతాయి. అండాలు తక్కువ వచ్చిన దంపతులకు ఇలా దక్కే ఒక్క పిండం విలువ చాలా ఎక్కువ.

అయినా ఈ ఇంక్యుబేటర్ వల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందా? 2024లో లాన్సెట్‌లో వచ్చిన టిల్ట్ పరీక్షలో బ్రిటన్, హాంకాంగ్‌లలోని ఏడు కేంద్రాల నుంచి 1,575 మంది పాల్గొన్నారు. టైమ్‌ల్యాప్స్ చూసి పిండం ఎంచినవాళ్లలో 33.7 శాతం, అదే ఇంక్యుబేటర్‌లో కదపకుండా ఉంచి వీడియో చూడకుండా ఎంచినవాళ్లలో 36.6 శాతం, మామూలు పద్ధతిలో 33.0 శాతం మందికి బిడ్డలు పుట్టారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. దీనికి అదనపు ఫీజు అడిగితే, ఈ మూడు అంకెలు గుర్తుంచుకోండి.

యంత్రం మంచిదైనంత మాత్రాన సరిపోదు, దాని సెట్టింగ్ ఊరిని బట్టి మారాలి. మీడియం, అంటే పిండాలు పెరిగే ద్రవం, పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య ఉండాలంటే కార్బన్ డై ఆక్సైడ్ పీడనం సరిగ్గా ఉండాలి. విశాఖ సముద్రమట్టానికి దగ్గర. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది, గాలి పీడనం తక్కువ. విశాఖలో 6 శాతం పెడితే వచ్చే పీహెచ్ హైదరాబాద్‌లో రావాలంటే సుమారు 6.4 శాతం పెట్టాలి. కంపెనీవాళ్లు పెట్టి వెళ్లిన అంకెను నమ్మి వదిలేస్తే పిండాలు ఐదు రోజులూ క్షారం ఎక్కువైన మీడియంలో ఉంటాయి. పీహెచ్ స్వయంగా కొలిచి సరిచేసుకోవాలి. ఇంకో చిక్కు నూనె పొర. తేమ లేని ఇంక్యుబేటర్లలో డిష్ మీద నూనె పలచగా పోస్తే మీడియంలోని నీరు ఆవిరై ఉప్పు శాతం పెరుగుతుంది, ఐదో రోజుకు పిండం ఎదుగుదల మందగిస్తుంది. డిష్‌లోని చిన్న గుంటలో గాలిబుడగ ఉంటే అది పిండాన్ని నెట్టేసి ఫోకస్ పోతుంది, వీడియో పనికిరాదు. అందుకే డిష్‌ను ముందురోజే సిద్ధంచేసి, మైక్రోస్కోప్ కింద ఒక్కో గుంట చూసి బుడగలు తీసేస్తాం. పక్క గదిలో కొత్త పెయింట్ వేసినా, భవనం ముందు తారు రోడ్డు వేస్తున్నా వచ్చే ఆవిర్లు పిండాలకు చేటు. వాటిని ఆపేది కార్బన్ ఫిల్టరే, ఏ సాఫ్ట్‌వేరూ కాదు.

స్కోరు అంటే ఏమిటి

ఐదో రోజు ఎంబ్రియాలజిస్టు గార్డ్‌నర్ పద్ధతిలో గ్రేడు ఇస్తారు. 4ఏఏ అంటే బాగా విప్పారిన బ్లాస్టోసిస్ట్, లోపలి కణాల ముద్ద ఏ, బయటి పొర ఏ. ఇద్దరు చూస్తే ఒకరు ఏబీ అంటే ఇంకొకరు బీబీ అనొచ్చు. ఏఐ వీడియో మొత్తం చూసి ఒక అంకె ఇస్తుంది. ఐడాస్కోర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అది 1 నుంచి 9.9 వరకు ఉంటుంది. ఒకే వీడియోకు ఎన్నిసార్లయినా అదే అంకె వస్తుంది, అదే దాని గొప్ప గుణం.

"మేడమ్, 8.4 వచ్చిందంటే పాసైనట్టేనా?" అని అడుగుతారు. పాసు మార్కు కాదమ్మా, మీ పిండాల్లో దేన్ని ముందు పెట్టాలో చెప్పే వరస నంబరు అని చెబుతాం. 42 ఏళ్ల ఆమె పిండానికి 8.4, 28 ఏళ్ల ఆమె పిండానికి 7 వచ్చినా రెండో ఆమెకే అవకాశం ఎక్కువ ఉండొచ్చు. వయసుతోపాటు పెరిగే క్రోమోజోమ్ లోపాలు ఫొటోలో పూర్తిగా కనబడవు. నలభై దాటాక సగానికి పైగా బ్లాస్టోసిస్ట్‌లలో ఆ లోపాలుంటాయి. ఫొటో చూసి క్రోమోజోములు చెప్పే మోడల్స్ ఉన్నాయి, కానీ అవి పిండం నుంచి కొన్ని కణాలు తీసి క్రోమోజోములు చూసే పీజీటీ పరీక్షకు ప్రత్యామ్నాయం కావు.

వరసను ఇలా చూడండి. మీకు ఐదు బ్లాస్టోసిస్ట్‌లు ఉన్నాయి, వాటిలో రెండింటికి బిడ్డగా ఎదిగే శక్తి ఉంది. ఏ వరసలో పెట్టినా, ఒక్కోటీ కరిగించి చివరిదాకా వాడితే ఆ రెండే నిలుస్తాయి. సరైన వరస ఉంటే మొదటి ట్రాన్స్‌ఫర్‌లోనే బిడ్డ దక్కొచ్చు, లేకపోతే నాలుగోదాకా ఆగాల్సి రావొచ్చు. ఆ నెలలు, ఆ ఖర్చు, ఆ మానసిక వేదన తగ్గడం చిన్న విషయం కాదు. అయితే చేతిలో ఒక్క పిండమే ఉన్నప్పుడు ఎంచడానికేమీ లేదు. ఏఎంహెచ్ తక్కువై ఒకటి రెండు పిండాలతో ఉన్న దంపతుల దగ్గర కూడా స్కోరుకు డబ్బు తీసుకోవడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

ప్రకటనల్లోని కచ్చితత్వం అంకెలను జాగ్రత్తగా చదవాలి. 2019లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఐవీ అనే మోడల్‌కు 0.93 ఏయూసీ (1కి ఎంత దగ్గరైతే అంత కచ్చితం అనే కొలత) వచ్చిందని రాశారు. అందులో పరీక్షించిన పిండాల్లో ఎక్కువ భాగం ఎదగక పారేసినవే. పాడైన పిండాన్ని పాడైనదిగా గుర్తుపట్టడం ఎవరికైనా సులువే. రెండు మంచి పిండాల మధ్య తేడా చెప్పడమే అసలు పరీక్ష. అలాంటి పరీక్ష ఫలితాలు 2024లో నేచర్ మెడిసిన్‌లో వచ్చాయి: ఆస్ట్రేలియా, యూరప్‌లలోని 14 క్లినిక్‌లు, 1,066 మంది రోగులు. ఐడాస్కోర్ ఎంచినవాళ్లలో గర్భం నిలిచింది 46.5 శాతం, ఎంబ్రియాలజిస్టులు ఎంచినవాళ్లలో 48.2 శాతం. ఏఐ మనిషికి తీసిపోదని నిరూపించడం ఆ పరీక్ష లక్ష్యం, అది నెరవేరలేదు. అదే సమయంలో పిండాలను అంచనా వేయడానికి మనిషికి 208 సెకన్లు పట్టిన చోట ఏఐకి 21 సెకన్లు చాలాయి. పొద్దున్నే పది కేసులు ముందున్న ల్యాబ్‌లో ఆ ఆదా అయిన సమయం ఇక్సీ బల్ల మీద అక్కరకొస్తుంది.

స్కోరు తప్పు పోయే సందర్భాలు మాకు తెలుసు. బ్లాస్టోసిస్ట్ ఉన్నట్టుండి ముడుచుకుపోయి మళ్లీ విప్పారుతుంది. ఒకే ఫొటో చూసి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌కు ముడుచుకున్న క్షణంలో తీసిన ఫొటో ఇస్తే స్కోరు పడిపోతుంది. అలాంటప్పుడు గంట రెండు గంటలు ఆగి మళ్లీ తీయాలి. 110 గంటల దగ్గర ఇచ్చిన స్కోరును 118 గంటల స్కోరుతో పోల్చకూడదు. ఒక కెమెరాతో నేర్పిన మోడల్‌ను ఇంకో కంపెనీ కెమెరా ఫొటోల మీద వాడకూడదు. ఏ ల్యాబ్ అయినా ఈ సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఫలితం తెలిసిన పాత కేసులు, ఒక్క పిండమే పెట్టినవి తీసుకుని, వాటి వీడియోల మీద నడిపి చూడాలి. బిడ్డ పుట్టిన పిండాలకు పైస్కోరు రాకపోతే మన దగ్గర దానికి పనిలేదు.

ఫ్రీజింగ్ దగ్గర ఇంకా చేతిపనే ఎక్కువ. పిండాన్ని సన్నటి పట్టీ మీద ఒక మైక్రోలీటరు కన్నా తక్కువ ద్రవంతో ఉంచి మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లో ముంచుతాం. ద్రవం ఎక్కువైతే చల్లబడటం నెమ్మదించి మంచు పలుకులు కట్టి కణాలు చీలతాయి. ట్యాంకులో నైట్రోజన్ మట్టం తగ్గితే ఫోన్‌కు అలారం పంపే సెన్సర్లు ఉన్నాయి. మీ పిండాలు ఏళ్ల తరబడి అందులో ఉండాలి కాబట్టి, అలారం అర్ధరాత్రి ఎవరి ఫోన్‌కు వెళుతుందో అడగండి.

సంతకం పెట్టే ముందు

2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న ఆర్ట్ (సహాయక పునరుత్పత్తి సాంకేతికత) నియంత్రణ చట్టం, 2021 ప్రకారం క్లినిక్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మీ రాతపూర్వక సమ్మతి లేకుండా చికిత్స చేయకూడదు. సమ్మతి పత్రంలో టైమ్‌ల్యాప్స్, ఏఐ స్కోరు విడిగా రాసి ఉన్నాయా, విడిగా ఫీజు ఉందా చూడండి. మీ పిండాల వీడియోలు బయటి కంపెనీ సర్వర్‌కు వెళతాయా, పేరు తీసేసి పంపుతారా, మోడల్‌కు నేర్పడానికి వాడతారా అని అడగండి. వద్దనే హక్కు మీకుంది. పీజీటీ పరీక్షలో ఎక్స్, వై క్రోమోజోములు కూడా కనబడతాయి, కానీ ఆడో మగో చెప్పడం 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద నేరం. ఏ సాఫ్ట్‌వేర్ పేరు చెప్పినా సరే, ఆ మాట ఎత్తే చోటి నుంచి బయటికి వచ్చేయండి.

సైకిల్ ఫలించకపోతే బిల్లుతోపాటు ల్యాబ్ రికార్డు తీసుకోవడం మరవొద్దు: తీసిన అండాలు ఎన్ని, పక్వమైనవి ఎన్ని, ఫలదీకరణ చెందినవి ఎన్ని, మూడో రోజు ఒక్కో పిండంలో కణాలు ఎన్ని, ఐదో రోజు, ఆరో రోజు గ్రేడులు ఏమిటి, ఏ మీడియం వాడారు. టైమ్‌ల్యాప్స్‌కు డబ్బు కట్టి ఉంటే వీడియో ఫైళ్లు కూడా అడగండి. అండాలు పక్వం కాలేదంటే ట్రిగ్గర్ సమయం చూడాలి. ఫలదీకరణ తగ్గిందంటే వీర్యాన్నీ ఇక్సీనీ చూడాలి. మూడో రోజు బాగుండి ఐదో రోజుకు ఆగిపోయాయంటే వీర్యకణాల డీఎన్‌ఏ, ల్యాబ్ పరిస్థితులు చూడాలి. తర్వాత మిమ్మల్ని చూసే డాక్టర్‌కు దారి చూపేవి ఈ అంకెలే. స్కోరు కాగితం ఒక్కటే ఇస్తామంటే ఒప్పుకోకండి, ఇవన్నీ రాసి సంతకం పెట్టి ఇమ్మనండి.